సర్వేకు వచ్చినవాళ్లు పథకం తెస్తారా?

అపోహ: ఇంటికొచ్చి పేరు, పొలం, అప్పు రాసుకుని పోయారంటే ఏదో పథకం వస్తున్నట్టే.

వాస్తవం: లబ్ధిదారుల జాబితా రాసేది ప్రభుత్వ సిబ్బంది. పరిశోధన సంస్థ పేరు రాసుకున్నా అది ఆ జాబితా కోసం కాదు. ఊరికి కొన్ని ఇళ్లు ఎంచుకుని జవాబులను అంకెల్లోకి మార్చుకుంటుంది. ఆదోని పత్తి రైతుకైనా, ఎమ్మిగనూరు నేతన్నకైనా దానివల్ల నేరుగా ఒక్క రూపాయీ రాదు. ఈ సర్వేకు డబ్బెవరిదని అడగొచ్చు, అడగాలి.

అపోహ: థింక్‌ట్యాంకులు, అంటే విధానాలపై సలహాలిచ్చే ఇలాంటి పరిశోధన సంస్థలు, చెప్పిందే ప్రభుత్వం చేస్తుంది.

వాస్తవం: చేసుంటే 2014 కథ వేరుగా ఉండేది. ఆంధ్రప్రదేశ్ రాజధాని స్థలంపై కేంద్ర హోంశాఖ వేసిన కమిటీ అధ్యక్షుడు కె.సి. శివరామకృష్ణన్, ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు అప్పటి చైర్మన్. సభ్యుల్లో ఎన్‌ఐపీఎఫ్‌పీ, బెంగళూరు ఐఐహెచ్‌ఎస్ అనే పరిశోధన సంస్థల అప్పటి డైరెక్టర్లు రతిన్ రాయ్, అరోమర్ రేవీ ఉన్నారు. ఒకేచోట మహానగరం వద్దు, కార్యాలయాలను ప్రాంతాలకు పంచండి, విజయవాడ, గుంటూరు మధ్య పచ్చటి పొలాల జోలికి పోవద్దు అని ఆగస్టులో నివేదిక ఇచ్చారు. సెప్టెంబరు 4న చంద్రబాబు నాయుడు అసెంబ్లీలో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని ప్రకటించారు. సలహా వాళ్లది, నిర్ణయం ఓట్లు అడిగేవాళ్లది. రాజధానో హైకోర్టో సీమకేనన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను మరవని రాయలసీమ వాసులకు ఎంత చేదుగా ఉన్నా, ఆ పద్ధతే సరైనది.

అపోహ: విదేశీ సొమ్ము తిన్నవి విదేశాల పాటే పాడతాయి, సర్కారు సొమ్ముతో నడిచేవి నిజం చెబుతాయి.

వాస్తవం: విదేశీ విరాళానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి తప్పనిసరి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. పైన చెప్పిన సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు ఆ అనుమతి 2024లో రద్దయింది. హైదరాబాద్‌లో 1980లో మొదలైన పరిశోధన సంస్థ సెస్‌కు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐసీఎస్‌ఎస్‌ఆర్ నిధులున్నాయి. 1990లో పుట్టిన అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఓఆర్‌ఎఫ్)కు రిలయన్స్ అండ. డబ్బు ఎటునుంచి వచ్చినా దాని బరువు దానికుంటుంది. నా లెక్కలో అది జవాబును మార్చేది తక్కువ, ప్రశ్నను ఎంచేది ఎక్కువ. కోసిగి, కౌతాళం కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు సుగ్గికి (పనుల కోసం వలస) పోతే పిల్లల బడి ఏమవుతోంది? తుంగభద్ర దిగువ కాలువ (ఎల్‌ఎల్‌సీ) నీళ్లు చివరి ఆయకట్టుకు ఎందుకు అందవు? ఏళ్లతరబడి ఇవి లెక్కగట్టడానికి ఎవరో ఒకరు ఖర్చు భరించాలి.

నివేదిక చేతికొస్తే నిధుల పేజీతో ఆగకండి. ఏ ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో, ముఖ్యంగా ఏ నెలలో అడిగారో చూడండి. సుగ్గి రోజుల్లో తలుపు తట్టిన సర్వేకు జవాబు చెప్పేది ముసలివాళ్లే.