అమ్మే ఫొటో ఏది? ఉంచుకునే ఫొటో ఏది?

ఫొటో తీయడం ఒక పని. తీసినవాటిలో ఏది సంతకు తీసుకుపోవాలో తేల్చుకోవడం ఇంకో పని. మొదటిదానికన్నా రెండోదే కష్టం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కెమెరాను నమ్ముకుని బతుకుతున్నవారికి ఇప్పుడు ఈ రెండో పనితోనే అవసరం ఎక్కువ పడుతున్నది.

కారణం అందరికీ తెలిసిందే. ఒకప్పుడు పెళ్ళిసంబంధానికి పంపే ఫొటో అయినా, పరీక్ష దరఖాస్తుకు అంటించే ఫొటో అయినా స్టూడియో మెట్లు ఎక్కక తప్పేది కాదు. ఇప్పుడు ప్రతి చొక్కా జేబులోనూ కెమెరా ఉన్న ఫోను కనబడుతున్నది. స్టూడియోలకు మిగిలింది పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలే. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ఆ పనీ ఉండదు. అలాంటి రోజుల్లో, తీసిన మంచి ఫొటోలకు పటం కట్టించి ఉత్సవాల్లో, కళల సంతల్లో అమ్ముకోవడం ఒక దారి.

అందుకు చోట్లు లేకపోలేదు. లేపాక్షిలో 2016, 2018, 2020 సంవత్సరాల్లో ప్రభుత్వం ఉత్సవాలు జరిపింది. సత్యసాయిబాబా జయంతికి, అంటే నవంబరు 23కు, పుట్టపర్తికి దేశదేశాలవారు వస్తారు. బెంగుళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో కుమారకృపా రోడ్డు మీద చిత్రసంత జరుపుతుంది. హిందూపురంవారికి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్ల రైలు దూరమే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి కొరియా దేశస్థులు కూడా మన ఊళ్ళలో కనబడుతున్నారు. ఏ సంతకైనా దరఖాస్తు పెట్టేముందు అక్కడ ఫొటోలను అనుమతిస్తారా, చేతితో గీసిన బొమ్మలకే చోటా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

చోటు దొరికిన తర్వాత అసలు ప్రశ్న ఎదురవుతుంది. పెట్టెలో వందల ఫొటోలు ఉంటాయి. పట్టుకుపోగలిగినవి ఇరవై. ఆ ఇరవై ఏవి?

నంది ఒక్కటే చాలదు

లేపాక్షి అనగానే అందరికీ గుర్తుకొచ్చేది బసవన్న. ఆ తర్వాత నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం, ఏడుపడగల నాగలింగం. చూడవచ్చిన ప్రతివారూ ఈ మూడింటినీ తమ ఫోనులో తీసుకునే పోతారు. తన ఫోనులో ఉన్నదాన్నే మళ్ళీ డబ్బిచ్చి ఎవరు కొంటారు? నంది ఫొటో వద్దని కాదు. ఒకటి ఉండాలి. అయితే యాత్రికుడికి దొరకని వేళలో తీసినదై ఉండాలి.

బయటి ఊరినుంచి వచ్చినవాడు పొద్దెక్కాక బస్సు దిగి, రెండు గంటలు చూసి, మళ్ళీ బస్సెక్కుతాడు. తెల్లవారుజామున నంది వీపు మీద పడే తొలి ఎండను వాడు చూడలేడు. వాన వెలిసిన తర్వాత అసంపూర్తి కల్యాణ మండపపు రాళ్ళు తళతళలాడటం వాడికి కనబడదు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషికి అవి రోజూ ఉచితంగా దొరుకుతాయి. మన ఫొటోగ్రాఫరుకు ఉన్న పెట్టుబడి అదే. కెమెరా ఖరీదు ఆ తర్వాతి మాట.

గుడి పైకప్పు మీది రంగుల చిత్రాలు మరో విశేషం. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఈ ఆలయంలో కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం వంటి కథలు చిత్రించి ఉన్నాయి. ఆ చిత్రాల్లోని స్త్రీలు కట్టిన చీరల అంచులు, పువ్వులు, గళ్ళు చూస్తే ధర్మవరం నేత గుర్తుకురాక మానదు. మెడ నొప్పి పుట్టేలా తల ఎత్తి చూస్తే తప్ప కనబడని ఈ అంచులను దగ్గరగా, స్పష్టంగా చూపే ఫొటో కొనేవాడిని నిలబెడుతుంది. ఫ్లాష్ వేయకుండా, ఉన్న వెలుతురులోనే ఓపికగా తీసినది కావాలి. స్టాండు పెట్టి తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి అవసరం. గర్భగుడిలో తీసినది ఎంత బాగున్నా సంతకు తేవద్దు. 2022లో ఈ ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. దాని పేరు ఇంకా దూరం పోతుంది. మన ఫొటో కింద రాసే రెండు వాక్యాల్లో తప్పు లేకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా పెరుగుతుంది.

పెనుకొండలోనూ ఇదే సూత్రం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఇక్కడికి తరలింది. గగన్‌మహల్ ఎదుట నిలబడి తీసిన ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. కొండ ఎక్కి, కోట గోడ పక్కనుంచి కింద ఊరంతా కనబడేలా తీసినది ఎక్కినవాడి దగ్గరే ఉంటుంది. బాబయ్య దర్గా ఉరుసులో అన్ని మతాల జనం కలిసి నడిచే వీధి దృశ్యం ఇంకొకటి. ఒక్క మనిషి కన్నీటిని దగ్గరగా పట్టిన ఫొటోకన్నా ఆ వీధి ఫొటోనే ఇంటి గోడకు నప్పుతుంది. మొక్కుకున్నవారి కన్నీరు వారి సొంతం, సరుకు కాదు.

మగ్గం దగ్గర జాగ్రత్త

ధర్మవరంలో చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. మగ్గం ముందు కూర్చున్న నేతగాడు, కిటికీలోంచి పడే వెలుగు, పట్టు మీద మెరిసే జరీ, ఇవన్నీ కలిస్తే ఫొటో బాగా రాక తప్పదు. సంతలో అది అమ్ముడుపోతుంది కూడా. కానీ మగ్గం మీద ఉన్నది కొత్త డిజైను అయితే?

కొత్త అంచు, కొత్త కొంగు రూపొందించడానికి రోజులు పడతాయి. దాన్ని స్పష్టంగా చూపే ఫొటో ఒక్కటి బయటికి పోతే చాలు, చీర బజారుకు రాకముందే దాని నకలు మరమగ్గం మీదికి ఎక్కవచ్చు. 1985లో వచ్చిన చట్టం చీరలతో సహా కొన్ని రకాల నేతను చేమగ్గాలకే ప్రత్యేకించింది. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అయినా నకళ్ళ బెడద ఎంతటిదో నేతగాళ్ళను అడిగితే చెబుతారు. అందువల్ల మగ్గం ఫొటోను ఎంచుకునేటప్పుడు, డిజైను కనబడుతున్నదా అన్నది మొదటి ప్రశ్న కావాలి. కనబడితే, ఆ చీర బజారుకు వచ్చేదాకా ఫొటో పెట్టెలోనే ఉండాలి. చేతులు, నాడె, ఆసు పోసే అమ్మ వేళ్ళు చూపే ఫొటోలకు ఈ ఇబ్బంది లేదు.

రెండో ప్రశ్న మనిషిది. చిరిగిన బనియను, కారే కప్పు కనబడే ఫొటోను చూసి పట్నంవాడు అయ్యో అనవచ్చు, కొనవచ్చు. ఆ నేతగాడి కూతురు రేపు అదే సంతకు వచ్చి, తన నాన్న ఫొటోను అక్కడ చూస్తే ఏమనుకుంటుంది? ఆమె తలెత్తుకుని చూడగలిగే ఫొటోనే గోడకు తగిలించాలి. తీసేముందు అడగడం, అమ్మకానికి పెడతామని చెప్పడం, ఒక కాపీ ఇంటికి తెచ్చి ఇవ్వడం మర్యాద. అడిగితే వద్దన్నవారు కొందరు ఉంటారు. వద్దంటే వద్దే.

పెళ్ళి ఫొటోల సంగతి మరీ స్పష్టం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద తొలి హక్కు తీయించుకున్నవారిదే. పెళ్ళికూతురు ఎంత అందంగా కనబడినా ఆ ఫొటోను స్టూడియోవారు సంతలో అమ్ముకోవడానికి వీలు లేదు.

నిమ్మలకుంట చూపిన దారి

సంతలో ఏమి అమ్మాలన్న ప్రశ్నకు మన పక్కనే ఒక జవాబు ఉన్నది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు తరతరాలుగా రామాయణ భారత కథలను తెర మీద ఆడించాయి. సినిమా, టీవీ వచ్చాక ఆటలు తగ్గాయి. వారు చేతిపనిని వదలలేదు. అదే మేకతోలు మీద, అవే రంగులతో, అవే చిల్లులతో దీపపు గుమ్మటాలు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేసి ఊరూరి ప్రదర్శనలకు తీసుకుపోయారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఇందులో ఫొటోగ్రాఫరు నేర్చుకోవలసింది ఉన్నది. నిలువెత్తు హనుమంతుడు తెరకు కావాలి. రెండు గదుల ఇంట్లో ఉన్నవాడికి బల్ల మీద పట్టే దీపం కావాలి. సరుకు సైజు మారింది, పనితనం మారలేదు. ఫొటోకూ అంతే. కొనేవాడి గోడ ఎంత, బస్సులో ఎలా తీసుకుపోతాడు అన్నది కూడా ఎంపికలో భాగం.

లెక్క తప్పితే మొదటికే మోసం

ఉదాహరణకు ఒక పెద్ద ఫొటోకు ప్రింటు, అట్ట, పటం కలిపి 400 రూపాయలు పడిందనుకుందాం. ముప్పై పటాలు కట్టిస్తే 12,000. పది పటాలు 800 చొప్పున అమ్ముడైతే చేతికి వచ్చేది 8,000. అంగడి అద్దె, చార్జీలు కలపకుండానే 4,000 రూపాయలు పటాల్లో ఇరుక్కుపోయాయి. దానికి బదులు పన్నెండు పటాలకు 4,800, పోస్టుకార్డు సైజు ప్రింట్లు అరవైకి 30 చొప్పున 1,800 పెడితే మొత్తం 6,600. పెద్ద పటాన్ని చూసి ఆగినవాడు చిన్న కార్డు అయినా కొనిపోతాడు. మిగిలిన కార్డులు తర్వాతి సంతకు సంచిలో పడతాయి.

ఆ పన్నెండింటిని తేల్చడానికి తేలికైన పద్ధతి ఒకటి ఉన్నది. ఇరవై ఐదు ఫొటోలకు చిన్న ప్రింట్లు వేయించి వారం రోజులు గోడకు అంటించాలి. రోజూ చూస్తున్నకొద్దీ విసుగు పుట్టేవాటిని తీసేయాలి. మిగిలినవాటిని ముగ్గురికి చూపాలి. ఒకరు మన ఊరివారు, ఒకరు ఈ ప్రాంతం ఎరుగనివారు, ఒకరు ఫొటోలో ఉన్నవారు. ఊరివారు తప్పు పట్టనిది, కొత్తవారు ఇదెక్కడ అని అడిగినది, ఫొటోలోని మనిషి నవ్వి ఊరుకున్నది ఏదో అదే అమ్మే ఫొటో. తీయడానికి మూడు రోజులు కొండ మీద కాపు కాసిన కష్టం కొనేవాడికి కనబడదు. ఆ కష్టాన్ని చూసి ఫొటోను ఎంచుకుంటే మన ముచ్చట తీరుతుంది గానీ సరుకు కదలదు. అలాంటిది ఇంట్లో ఉంచుకోవలసిన ఫొటో.

ఇక గ్రామస్థులకు ఒక మాట. సేద్యం దగ్గరికో, మగ్గం దగ్గరికో, జాతరకో కెమెరాతో ఎవరైనా వస్తే, ఫొటో ఎందుకు, ఎక్కడికి పోతుంది అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఒక కాపీ ఇమ్మని కూడా అడగండి. నిజమైన ఫొటోగ్రాఫరు సంతోషంగా తెచ్చిస్తాడు. మన మొహం, మన పని, మన ఊరు ఎవరింటి గోడ మీదనో వెలగడం మంచిదే. అక్కడ ఎలా కనబడాలన్న విషయంలో మన మాట కూడా చెల్లాలి.