ఫ్లేర్ గన్‌కు లైసెన్సు కావాలా? చట్టం ఏం చెబుతోంది?

న్యూఢిల్లీ: 2023 డిసెంబరు 13న లోక్‌సభ సందర్శకుల గ్యాలరీ నుంచి ఇద్దరు సభలోకి దూకి, బూట్లలో దాచి తెచ్చిన డబ్బాలతో పసుపు రంగు పొగ వదిలారు. భద్రతా వైఫల్యంపై దేశమంతటా చర్చ జరిగింది. కేసు ఢిల్లీ హైకోర్టుకు చేరేసరికి మరో ప్రశ్న ముందుకొచ్చింది. బజారులో దొరికే పొగ డబ్బాను వాడటం చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) ప్రకారం ఉగ్రవాద చర్య అవుతుందా అని ధర్మాసనం పోలీసులను ప్రశ్నించింది. హోలీ వేడుకల్లో, ఐపీఎల్ మ్యాచ్‌లలో కూడా ఇలాంటివి వాడుతున్నారని ప్రస్తావించింది. నిందితుల్లో ఇద్దరికి 2025 జులై 2న బెయిలు మంజూరైంది.

పొగ డబ్బా విషయమే ఇంత చిక్కుగా ఉంటే, మండే గుళికను ఆకాశంలోకి పేల్చే ఫ్లేర్ గన్ సంగతి మరింత జటిలం. 1959 నాటి ఆయుధ చట్టంలోని సెక్షన్ 2 ప్రకారం, పేలుడు శక్తితో గానీ మరే శక్తితో గానీ ఏ రకమైన ప్రక్షేపకాన్నయినా విసిరేలా రూపొందించిన ఆయుధం ‘ఫైర్ ఆర్మ్’ కిందకు వస్తుంది. ఫ్లేర్ గన్ తయారైంది సంకేతం కోసమే తప్ప దాడికి కాదన్న వాదనకు అవకాశం లేకపోలేదు. అయితే ఆ వాదనను వినిపించాల్సింది కోర్టులో, అదీ అరెస్టయిన తర్వాత. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉన్నట్లు రుజువైతే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు. కనుక లైసెన్సు తప్పనిసరి అని భావించడమే క్షేమం.

మినహాయింపు లేకపోలేదు. సముద్రయానం చేసే నౌకల్లో, విమానాల్లో సాధారణ సామగ్రిగా ఉండే ఆయుధాలకు ఈ చట్టం వర్తించదని సెక్షన్ 45 చెబుతోంది. దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. నడిసంద్రంలో ఇంజిను ఆగి, రేడియో మూగబోతే మిగిలేది వెలుగే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నౌకలో 12 రాకెట్ పారాచూట్ ఫ్లేర్లు ఉండాలి. ఒక్కొక్కటి కనీసం 300 మీటర్ల ఎత్తుకు లేచి, 40 సెకన్లకు తగ్గకుండా ఎర్రగా వెలుగుతూ నెమ్మదిగా దిగాలి. వీటిలో చాలావాటికి తుపాకీతో పనిలేదు, గొట్టాన్ని చేత్తో పట్టుకునే ప్రయోగిస్తారు. ఆపద లేనప్పుడు వీటిని వాడటం నిషిద్ధం. ఫ్లేర్లలోని మందు విషయానికొస్తే, 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనలు వర్తిస్తాయి.

సముద్రం లేని ఢిల్లీలో ఫ్లేర్‌కు నిజమైన ఉపయోగం రైలు పట్టాలపై కనిపిస్తుంది. రైలు అనుకోకుండా ఆగి పక్క లైనుకు అడ్డంకి ఏర్పడితే, ఎదురుగా వచ్చే బండిని హెచ్చరించేందుకు సిబ్బంది ‘ఫ్యూజీ’ వెలిగిస్తారు. పొడవాటి కాకరపువ్వొత్తిలా ఎర్రటి మంటతో కొన్ని నిమిషాలు మండుతుంది. దీనికి తోడు పట్టాలపై డిటొనేటర్లు పెడతారు. బ్రాడ్‌గేజ్‌లో 600 మీటర్ల దూరంలో ఒకటి, 1,200 మీటర్ల వద్ద పది మీటర్ల ఎడంతో మూడు. చక్రం ఎక్కగానే అవి పేలుతాయి, ఆ శబ్దమే లోకో పైలట్‌కు హెచ్చరిక. జీపీఎస్ ఆధారిత ‘ఫాగ్ పాస్’ పరికరాలు వచ్చాక కూడా ఉత్తరాది పొగమంచులో ఈ పాత పద్ధతి పూర్తిగా పోలేదు.

అదే పొగమంచులో యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై కారు ఆగిపోయినవారికి ఫ్లేర్ గన్ ఉంటే బాగుండుననిపించవచ్చు. నిజానికి దట్టమైన మంచులో పైకి పేల్చిన వెలుగు కింద వచ్చే డ్రైవరుకు కనిపించడమే అనుమానం. పైగా ఇంధనం కారుతున్న వాహనం పక్కన మంట పెట్టడం ప్రాణాంతకం. హజార్డ్ లైట్లు వేసి, వెలుగును తిప్పికొట్టే ఎర్ర త్రికోణాన్ని వాహనానికి బాగా వెనుక పెట్టి, అందరూ రోడ్డు పక్క రక్షణ కంచె అవతలికి చేరడం మేలు. బ్యాటరీతో మెరిసే ఎల్‌ఈడీ దీపాలకు లైసెన్సు అక్కర్లేదు.

పెళ్లి ఊరేగింపుల్లో తుపాకీ ఆకారంలో కనిపించే ‘పైరో గన్’లు నిప్పురవ్వలు చిమ్మే అలంకార సామగ్రి. వాటిని ఫ్లేర్ గన్‌లతో కలిపి చూడరాదు. కానీ అసలు తుపాకీతో సంబరాల కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రవాణాలోనూ జాగ్రత్త అవసరం. ప్రమాదకర వస్తువులను అక్రమంగా రైల్లో తీసుకెళ్తే రైల్వే చట్టం సెక్షన్ 164 కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. విమానంలో ప్రయాణికులు ఫ్లేర్లను చేతి సంచిలోనే కాదు, చెకిన్ సామానులోనూ పెట్టకూడదు. విశాఖలోనో కాకినాడలోనో ఉన్న తమ పడవ కోసం ఢిల్లీలో కొని వెంట తీసుకెళ్లాలనుకునేవారు, ఆ రేవులోనే లైసెన్సున్న విక్రేత వద్ద కొనుక్కోవడం ఉత్తమం.