రాయి అయిన చెట్టు

పిల్లలూ! నరికిన చెట్టు కట్టె అవుతుంది. కట్టె కాలితే బూడిద అవుతుంది. కాల్చకుండా నేలమీద వదిలేస్తే చెదలు తిని, కుళ్ళి, మట్టిలో కలిసిపోతుంది. ఇది మీకు తెలిసినదే. కాని కొన్ని చెట్లు అటు బూడిదా కాలేదు, ఇటు మట్టీ కాలేదు. అవి రాళ్ళయిపోయినవి! దూరాన్నుంచి చూస్తే అచ్చంగా దుంగలే అనిపిస్తవి. దగ్గిరికి పోతే బెరడు గరుకు కూడా కనిపిస్తుంది. చేత్తో తాకితే మాత్రం చల్లగా తగులుతుంది. పిడికెడు ముక్కయినా బరువుగా ఉంటుంది. నీళ్ళలో వేస్తే బుడుంగున మునుగుతుంది.

ఇది ఏ ఋషి శాపమూ కాదు. నీరు చేసిన పని.

పూర్వం ఒక చెట్టు వరదలో కొట్టుకుపోయి, ఇసుకలోనూ ఒండ్రుమట్టిలోనూ కూరుకుపోయిందనుకోండి. అంత లోతున గాలి ఆడదు. గాలి లేనిచోట కర్రను కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పని బాగా సాగదు. ఈలోగా భూమిలోని నీరు కర్రలోకి ఊరుతుంది. ఆ నీటిలో సిలికా అనే పదార్థం కరిగి ఉంటుంది. పలుగురాళ్ళలో ఉండేది కూడా ఈ సిలికాయే. అది కర్రలోని సన్నని కణాలలో కొంచెం కొంచెంగా పేరుకుని గట్టిపడుతుంది. చివరకు కర్ర పోయినా, కర్ర రూపం రాతిలో నిలిచిపోతుంది. ఇలా మారిన దానిని శిలాజం అంటారు. పలచని ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కణాల గోడలు కూడా కనబడతవి. వాటినిబట్టి అది ఏ జాతి చెట్టో శాస్త్రజ్ఞులు చెప్పగలరు.

సిలికాకు రంగు లేదు. దానితోబాటు ఇనుము చేరితే ఎరుపు, పసుపు, గోధుమ రంగులు వస్తవి. మాంగనీసు చేరితే నలుపు వస్తుంది. అందుకే సానబెట్టిన రాతిచెట్టు ముక్క రత్నంలాగా మెరుస్తుంది.

మన దేశంలో ఇటువంటి చెట్లను చూడాలంటే పుదుచ్చేరికి దగ్గిరలో, తమిళనాడులో ఉన్న తిరువక్కరైకి వెళ్ళాలి. అక్కడ సుమారు 2 కోట్ల సంవత్సరాలనాటి రాతి మానులు నేలమీద పడి ఉన్నవి. వాటిలో ఒక విశేషం ఉన్నది: మానులకు కొమ్మలూ లేవు, వేళ్ళూ లేవు! ఎందుచేత? ఆ చెట్లు అక్కడ పెరిగినవి కావు. ఎక్కడినుంచో ఏటి వరదలో దొర్లుకుంటూ వచ్చినవి. దారిలో కొమ్మలూ, వేళ్ళూ విరిగిపోయినవి. చూశారా? ఈ కథ మనకు చెప్పినది ఏ ఒక్క రాయో కాదు. రాళ్ళన్నీ అక్కడ పడి ఉన్న తీరు.

అందుచేత రాయి ఎంత ముఖ్యమో, అది దొరికిన చోటు కూడా అంత ముఖ్యం. దీనికి రెండు నిదర్శనాలు చెబుతాను, వినండి.

1912లో కెప్టెన్ స్కాట్ అనే ఆంగ్లేయుడు నలుగురు సహచరులతో దక్షిణ ధ్రువాన్ని చేరాడు. తిరుగు ప్రయాణంలో ఫిబ్రవరి 8న బియర్డ్‌మోర్ అనే మంచునది పక్కనున్న కొండ దగ్గిర వారు ఆగారు. వారిలో డాక్టర్ విల్సన్ అక్కడి రాళ్ళలో ఆకుల అచ్చులు చూసి, కొన్ని ఏరి, ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. తరవాత చలీ, ఆకలీ వారిని చుట్టుముట్టినవి. అయినా 16 కిలోల ఆ రాళ్ళను వారు పారవెయ్యలేదు. అయిదుగురూ దారిలోనే మరణించారు. ఆ నవంబరులో వెతకబోయినవారికి చివరి ముగ్గురి దేహాలతోబాటు ఆ రాళ్ళూ, డైరీలూ దొరికినవి. రాళ్ళలో ఉన్నది గ్లాసాప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకు. మన గోదావరి లోయ బొగ్గుపొరల మధ్య రాళ్ళలో దొరికే ఆకు కూడా అదే! ఆఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ అదే దొరుకుతుంది. ఒకప్పుడు ఈ భూములన్నీ గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవనడానికి ఆ ఆకు గొప్ప సాక్ష్యమయింది. అది ఎక్కడిదో తెలియకపోతే ఏమయ్యేది? ఉత్త ఆకు అచ్చుగానే మిగిలేది.

ఇక రెండోది. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో రాతిచెట్లు వేలకొద్దీ ఉన్నవి. వాటి వయస్సు 20 కోట్ల సంవత్సరాలకు పైమాటే. జనం తలా ఒక ముక్క పట్టుకుపోతూండటంచేత 1906లో ప్రభుత్వం ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అయినా కొందరు దొంగచాటుగా తీసుకుపోయారు. తరవాత వారిలో చాలామంది పశ్చాత్తాపపడి, క్షమించమని ఉత్తరం రాసి, రాయిని తపాలాలో తిప్పి పంపారు. కాని ఏ రాయి ఎక్కడ ఉండేదో ఎవరికి తెలుసు? తోచినచోట పెడితే శాస్త్రజ్ఞులు మోసపోతారు. అందుకని వాటిని ఒకచోట గుట్టగా పోశారు. ఆ గుట్టకు "మనస్సాక్షి గుట్ట" అని పేరు. రాళ్ళు తిరిగివచ్చినవిగాని, వాటి కథ తిరిగిరాలేదు.

మీకు శిలాజాలు పోగుచెయ్యాలని ఉన్నదా? చాలా మంచిది! రక్షిత ప్రాంతాలలో మాత్రం పలుకైనా ముట్టుకోకండి. చూసి, బొమ్మ గీసుకోండి. మరొకచోట దొరికితే ఆ నేల యజమానిని అడిగి తీసుకోండి. వెంటనే పుస్తకంలో ఒక నంబరు వేసి, తేదీ, ఊరు, వాగు పేరు, రాతిపొరలో ఉన్నదా, విడిగా పడి ఉన్నదా అన్నది రాయండి. రాతి మీద ఒక మూల తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక సిరాతో అదే నంబరు వెయ్యండి. కొన్న రాయి అయితే అది ఏ ప్రాంతానిదో అమ్మేవాణ్ణి అడిగి రాసుకోండి.

సానబెట్టటం పెద్దల సాయంతో చెయ్యవలసిన పని. కార్బొరండం పొడిని నీటితో తడిపి, మొదట ముతకది, తరవాత సన్ననిది వేసి ఓపికగా రుద్దాలి. పొడిగా రుద్దితే దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. ఒక వైపు మాత్రమే సానబెట్టి, మిగిలిన వైపులు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. సాన లేకపోయినా ఫరవాలేదు; నీళ్ళతో తడిపితే చాలు, రంగులూ, ఒక్కొక్కప్పుడు వలయాలూ తేలివస్తవి. ఆకు అచ్చులను మాత్రం సానబెట్టరాదు, కడగరాదు. కాగితంలో చుట్టి పెట్టాలి.

రాతికి నునుపు ఎప్పుడైనా పెట్టవచ్చు. దాని ఊరు పేరు మాత్రం తీసిన రోజునే రాయాలి.