మాటకు తాళం కట్టిన తెలుగింటి పిల్ల

మీరు బుర్రకథ చూసే ఉంటారు. కథకుడు తంబురా భుజాన వేసుకుంటాడు. చేతి అందెలు మోగిస్తాడు. పాట మధ్యలో గబగబా మాటలు చెప్తాడు. మాట ఎంత వేగంగా నడిచినా తాళం తప్పదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు ఈ కళలో పెద్ద పేరు. ఆయన అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు. బెంగాల్ కరువు కథ చెప్పారు. జనం బాధను జనం ముందే పెట్టారు.

ఇలాంటి కళ అమెరికాలో కూడా ఒకటి ఉంది. దాన్ని ర్యాప్ అంటారు. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేట ఉంది. 1970ల్లో అక్కడి పేద నల్లజాతి యువకులు దీన్ని మొదలుపెట్టారు. వెనక దరువు నడుస్తూ ఉంటుంది. దాని మీద ప్రాస కలిపి మాటలు చెప్పాలి. పేదరికం గురించి, రంగు చూసి చేసే అవమానం గురించి చెప్పారు. మొదట్లో ఇందులో మగవాళ్లదే పెత్తనం. అయినా ఆడవాళ్లు వెనకడుగు వెయ్యలేదు. వీధిలో అల్లరి పెట్టేవాళ్లను, ఇంట్లో కొట్టేవాళ్లను నిలదీస్తూ క్వీన్ లతీఫా 1993లో ఒక పాట తెచ్చింది.

ఈ కళలో పేరు తెచ్చుకున్న తెలుగింటి పిల్ల రాజా కుమారి. అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. ఆమె 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టింది. అమ్మానాన్నలు ఇక్కడి నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. గజ్జె కట్టి నేర్చిన తాళం తరువాత మాటకు పనికొచ్చింది.

మొదట ఆమె వేరేవాళ్లకు పాటలు రాసింది. 2014లో ఒక అమెరికా బృందం పాడిన 'సెంచరీస్' పాట చాలా దేశాల్లో మోగింది. దాన్ని రాసినవాళ్లలో ఈమె ఒకరు. కానీ విన్నవాళ్లకు పాడినవాళ్లే గుర్తుంటారు. రాసినవాళ్ల పేరు ఎంతమంది అడుగుతారు? 2016లో ఆమె తన పేరుతోనే పాటలు తెచ్చింది. నుదుట బొట్టు, ఒంటి మీద నగలతో కనపడింది. 2017లో ముంబయి ర్యాపర్ డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' పాడింది. ఆ పేరుకు నగరంలోని మురికివాడలు అని అర్థం.

అక్కడ పుట్టినా ఇండియా పిల్ల అంటారు. ఇక్కడికొస్తే ఫారిన్ పిల్ల అంటారు. ఆమె పాట 'ఎన్.ఆర్.ఐ.' ఈ బాధ గురించే. ఈ బాధ మనకు కొత్తదా? కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు వచ్చేవాళ్ల పిల్లల్ని చూడండి. ఇక్కడ పై ఊరివాళ్లు. సొంతూళ్లో బడి తప్పినవాళ్లు. రాజా కుమారికి చదువుంది, మైకుంది. ఈ పిల్లలకు అవి రెండూ దూరమే.

మిరపకాయలు రైతువి. యార్డులో ధర చెప్పేది మాత్రం ఇంకొకరు. పాటల వ్యాపారం కూడా చాలావరకు అంతే. ఏ పాట రావాలి, ఎప్పుడు రావాలి అనేది కంపెనీ చెప్తుంది. 2022లో ఆమె గాడ్‌మదర్ రికార్డ్స్ అనే సొంత కంపెనీ పెట్టింది. 2023లో 'ది బ్రిడ్జ్' అనే ఆల్బమ్ తెచ్చింది. బ్రిడ్జ్ అంటే వంతెన.

మన చేలల్లో ఆడవాళ్లు పత్తి తీస్తూ, కాయ కోస్తూ ఎన్నో పాటలు పాడతారు. వాటిని ఎవరు కట్టారో చాలామందికి తెలీదు. కాగితం మీద లేని పాట కట్టినామెతోనే పోతుంది. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. మీ పేటలో పెద్దామెను అడిగి ఒక పాట రాసుకోండి. కింద ఆమె పేరు, ఊరు కూడా రాయండి.

మాట్లాడుకుందాం:
1. బుర్రకథకూ ర్యాప్‌కూ పోలిక ఏమిటి?
2. మన చేలల్లో పాడే పాటల్లో ఆడవాళ్లు ఏ కష్టాలు చెప్పుకుంటారు?