తుఫాను దిశపై కంప్యూటర్ నమూనాలు విభేదించినపుడు హెచ్చరికలను అర్థం చేసుకోవలసిన తీరు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో ఏర్పడే తుఫానులు కోస్తా జిల్లాలకు తరచు ముప్పు తెచ్చిపెడుతున్నాయి. డెల్టా ప్రాంతంలో ఖరీఫ్ వరి కోతలు సాగుతూ, పనలు ఇంకా చేలలోనే ఉండే రోజులు కూడా ఇవే. ఇటువంటి తరుణంలో తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్న అంశంపై కంప్యూటర్ నమూనాలు పరస్పరం విభేదించడం అధికారులకు, పాత్రికేయులకు ఒక చిక్కు సమస్యగా పరిణమిస్తున్నది.

విభేదాలకు కారణాలు

ప్రతి నమూనా వాతావరణ స్థితిగతుల ప్రస్తుత పరిశీలనల ఆధారంగానే భవిష్యత్తును గణిస్తుంది. భూమిపై ఉన్నంత విరివిగా సముద్రంపై పరిశీలన కేంద్రాలు లేవు. ఉపగ్రహాలు, ఓడలు, సముద్రంలో తేలియాడే బోయల సమాచారంపైనే అక్కడ ఆధారపడవలసి ఉంటుంది. ఆరంభంలోని స్వల్ప వ్యత్యాసం నాలుగైదు రోజుల అంచనాలో వందల కిలోమీటర్ల తేడాగా మారగలదు.

శీతాకాలంలో మరొక కారణం తోడవుతుంది. ఉత్తరాన ఉన్న అధిక పీడన ప్రాంతం తుఫానును పడమటి దిశగా నెడుతుంది. వాయవ్యం నుంచి వచ్చే పశ్చిమ గాలుల ద్రోణి దానిని ఈశాన్యానికి మళ్లిస్తుంది. ఈ ద్రోణి రాకను ఒక నమూనా ఒక రోజు ముందుగా, మరొకటి ఆలస్యంగా లెక్కిస్తే, తీరం దాటే ప్రదేశమే మారిపోతుంది.

అనుభవాలు నేర్పిన పాఠం

2013 నవంబరులో ‘లెహర్’ అతి తీవ్ర తుఫానుగా కాకినాడ సమీపంలో తీరం దాటవచ్చునని తొలుత అంచనా వేశారు. పొడి, చల్లని గాలులు చొరబడటం, ఎత్తుతోపాటు గాలుల వేగం, దిశ మారిపోవడం వంటి కారణాలతో అది వేగంగా బలహీనపడి, నవంబరు 28న మచిలీపట్నం వద్ద వాయుగుండంగా తీరం దాటింది. మరుసటి నెలలో ‘మాది’ తుఫాను ఉత్తర దిశగా పయనించి, నడి సముద్రంలో నైరుతికి మళ్లి, డిసెంబరు 12న తమిళనాడులోని వేదారణ్యం వద్ద వాయుగుండంగా తీరం దాటింది. ఇందుకు భిన్నంగా 2023 డిసెంబరు 5న ‘మిచాంగ్’ తీవ్ర తుఫానుగానే బాపట్ల సమీపంలో తీరం దాటి, వరి పంటకు అపార నష్టం కలిగించింది. ఒక తుఫాను బలహీనపడినంత మాత్రాన మరుసటి హెచ్చరికను తేలికగా తీసుకోరాదని ఈ అనుభవాలు తెలుపుతున్నాయి.

నిపుణుల పద్ధతి

భారత వాతావరణ విభాగం ఏ ఒక్క నమూనాపైనా ఆధారపడదు. పలు నమూనాల ఫలితాలను సమన్వయపరచి, ఉపగ్రహ చిత్రాలతోను, తుఫాను తీరాన్ని సమీపించాక డాప్లర్ రాడార్ల సమాచారంతోను సరిచూసుకుంటుంది. ఒకే నమూనాను ఆరంభ స్థితిలో స్వల్ప మార్పులతో అనేక పర్యాయాలు నడిపి, ఫలితాలు ఎంతవరకు ఏకీభవిస్తున్నాయో పరిశీలించే విధానం కూడా ఉంది. ఫలితాలు దగ్గరగా ఉంటే విశ్వసనీయత ఎక్కువ. అవి చెదిరి ఉంటే ఆ చెదరడమే ఒక సమాచారం. పటంలో తుఫాను మార్గానికి ఇరువైపులా కనిపించే శంఖాకార ప్రాంతం ఈ అనిశ్చితినే సూచిస్తుంది. మధ్య గీతకు దూరంగా ఉన్నా, ఆ పరిధిలోని జిల్లాలన్నీ అప్రమత్తంగా ఉండవలసిందే.

నిర్ణయాలకు సమయమే ప్రాతిపదిక

తుఫాను హెచ్చరికలు నాలుగు దశలలో, అనగా సుమారు 72, 48, 24, 12 గంటల ముందు వెలువడతాయి. నమూనాలు ఏకాభిప్రాయానికి వచ్చేవరకు అన్ని చర్యలనూ వాయిదా వేయడం ప్రమాదకరం. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరడానికి సమయం పడుతుంది గనుక మత్స్యకారులకు సమాచారం మొదటి దశలోనే అందాలి. కోత వాయిదా వేసుకోవాలని, కోసిన వరిని కుప్ప వేసుకోవాలని రైతులకు సూచించడం ఆ వెంటనే జరగాలి. లోతట్టు గ్రామాల ప్రజల తరలింపు వంటి భారీ చర్యలకు సన్నాహాలు ముందే పూర్తి చేసి, తరువాతి దశల హెచ్చరికలను అనుసరించి అమలు చేయవచ్చు.

ఏదో ఒక నమూనా పటాన్ని తుది అంచనాగా ప్రచురించడం ప్రజలలో అనవసర భయాన్నో, నిర్లక్ష్యాన్నో కలిగిస్తుంది. అధికారిక బులెటిన్‌ను అది వెలువడిన తేదీ, సమయాలతో సహా ప్రచురించి, తదుపరి బులెటిన్‌లో మార్పు ఉంటే కారణాన్ని కూడా వివరించడం పత్రికలు ప్రజలకు చేయగల విలువైన సేవ.