60 దాటిన గోల్ఫర్‌కి ప్రాక్టీస్ ప్లాన్: లాంచ్ మానిటర్‌ని బ్రేక్‌లా వాడండి

ఇంట్లో గోల్ఫ్ ఆడే పెద్దవాళ్ళుంటే ‘ఏ లాంచ్ మానిటర్ కొనాలి?’ అన్న ప్రశ్న మీ దాకా వచ్చే ఉంటుంది. కొనడం తేలిక, కొన్నాక ఎలా వాడాలన్నదే కష్టం. మా మామయ్యకి 61 ఏళ్ళు, హైదరాబాద్‌లో సీనియర్ల పోటీలు ఆడతారు. గాడ్జెట్ చేతికి రాగానే స్క్రీన్ మీద నంబర్ పెరిగేదాకా డ్రైవర్‌తో బాదడం మొదలుపెట్టారు. రెండు వారాల్లో మోచేయి పట్టేసింది. నొప్పి తగ్గాక, ఇద్దరం కూర్చుని వేసుకున్న ప్లాన్ ఇది.

ఈ వయసులో గెలవడం సాధ్యమేనా అంటే, బెర్న్‌హార్డ్ లాంగర్‌ని చూడండి. 2023లో 65 ఏళ్ళకి యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో అకిలీస్ టెండన్ తెగి సర్జరీ అయినా, అదే నవంబర్‌లో 67 ఏళ్ళ వయసులో చార్ల్స్ ష్వాబ్ కప్ ఛాంపియన్‌షిప్ కొట్టాడు. అంటే ఆట ఉంటుంది, శరీరాన్ని కాపాడుకోవాలంతే.

1. ముందు డేటా, తర్వాత బంతులు

చివరి 5 రౌండ్ల వివరాలు ఫోన్‌లో ఒక షీట్‌లో రాయండి: డ్రైవ్ ఎక్కడ పడింది, గ్రీన్ మీదికి కొట్టిన షాట్ ఎంత దూరం నుంచి, పట్‌లు ఎన్ని. స్ట్రోక్స్ గెయిన్డ్ లెక్కకి పేరు తెచ్చిన కొలంబియా ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ ప్రకారం, పీజీఏ టూర్‌లో టాప్ ఆటగాళ్ళకి మిగతావాళ్ళ మీద వచ్చే ఆధిక్యంలో దాదాపు 40 శాతం అప్రోచ్ షాట్లదే. పటింగ్ వాటా 15 శాతం.

సీనియర్లకి ఇది ఇంకా ముఖ్యం. మామయ్య డ్రైవ్ ఒకప్పుడు 230 గజాలు, ఇప్పుడు 205. 380 గజాల హోల్‌లో అప్పట్లో 150 మిగిలేది, ఇప్పుడు 175 మిగులుతోంది. ఐరన్‌తో కొట్టాల్సిన చోట హైబ్రిడ్ తీయాల్సి వస్తోంది. కాబట్టి ప్రాక్టీస్ టైమ్ కూడా హైబ్రిడ్ వైపు జరగాలి.

2. ఫోన్‌తో టెంపో చెక్

స్లో మోషన్‌ని సెకనుకి 240 ఫ్రేమ్‌లకి పెట్టి, ఎండ వెలుతురులో, ట్రైపాడ్‌ని చేతుల ఎత్తులో ఉంచి తీయండి. బ్యాక్‌స్వింగ్ ఎన్ని ఫ్రేమ్‌లో, డౌన్‌స్వింగ్ ఎన్నో లెక్కపెట్టండి. మంచి ఆటగాళ్ళలో ఇది దాదాపు 3:1 ఉంటుంది, ఉదాహరణకి 192కి 64. బలం తగ్గినా ఈ నిష్పత్తిని నిలబెట్టుకోవచ్చు. అందుకే పెద్దవాళ్ళకి స్పీడ్ కన్నా టెంపో మీద పెట్టే టైమ్‌కి ఫలితం ఎక్కువ.

3. వారం ప్లాన్

• మంగళవారం: 10 నిమిషాల వార్మప్, తర్వాత 60 బంతులే. వెడ్జ్ 15, హైబ్రిడ్, లాంగ్ ఐరన్ 30, డ్రైవర్ 15. ప్రతి బంతికీ టార్గెట్ మార్చాలి, ఎందుకంటే పోటీలో ఒకే షాట్ రెండోసారి దొరకదు.
• గురువారం: చిప్పింగ్ 40 నిమిషాలు, పటింగ్ 30. 8 అడుగుల నుంచి టూర్ ప్రొఫెషనల్స్ కూడా సగమే వేస్తారు. కాబట్టి 3 నుంచి 5 అడుగుల పట్‌లు మిస్ కాకుండా, 30 అడుగుల పట్ కప్పు పక్కన ఆగేలా చూసుకుంటే చాలు.
• శనివారం: 18 హోల్స్, ఒకే బంతితో, స్కోర్ రాస్తూ.
• బుధ, ఆదివారాలు: నడక, స్ట్రెచింగ్, రెసిస్టెన్స్ బ్యాండ్.
• సోమ, శుక్రవారాలు: పూర్తి రెస్ట్.

4. అసలు రూల్: 95 శాతం

గార్మిన్ అప్రోచ్ ఆర్10 లాంటి రాడార్ యూనిట్‌ని బంతికి 6 నుంచి 8 అడుగుల వెనక పెట్టండి. వార్మప్ అయ్యాక మొదటి 5 డ్రైవర్ షాట్ల క్లబ్‌హెడ్ స్పీడ్ సగటు తీయండి. తర్వాత వరసగా 3 షాట్లు ఆ సగటులో 95 శాతం కన్నా కిందికి పడితే, ఆరోజు ఫుల్ స్వింగ్స్ బంద్. మామయ్య సగటు గంటకి 84 మైళ్ళు, అంటే 80 దగ్గర ఆపేయాలి. ఇది నేను పెట్టుకున్న హద్దు, మీ వాళ్ళని బట్టి కాస్త మార్చుకోవచ్చు. అలసట మనిషి ఒప్పుకోకముందే నంబర్‌లో కనిపిస్తుంది. ‘ఇంకో పది కొట్టనీరా అల్లుడూ’ అని అడిగితే స్క్రీన్ చూపిస్తాను, వాదన ఉండదు.

ఒక జాగ్రత్త: రేంజ్ బంతులు సాధారణంగా తక్కువ దూరం వెళ్తాయి. వాటితో వచ్చిన గజాలని కోర్సు మీద నమ్మొద్దు. స్పీడ్‌కి మాత్రం బంతితో పెద్దగా పని లేదు.

5. పోటీ వారం

బంతుల సంఖ్య సగానికి తగ్గించండి, పటింగ్ మాత్రం అలాగే ఉంచండి. రేంజ్‌ఫైండర్‌లో స్లోప్ మోడ్ ఆపేయండి. రూల్ 4.3 ప్రకారం దూరం కొలవొచ్చు, ఎత్తు తేడా కొలవకూడదు. స్ట్రోక్ ప్లేలో మొదటిసారి దొరికితే 2 స్ట్రోక్‌ల పెనాల్టీ, రెండోసారి డిస్‌క్వాలిఫికేషన్. కమిటీ లోకల్ రూల్ పెట్టి రేంజ్‌ఫైండర్‌నే నిషేధించవచ్చు, రూల్స్ షీట్ ముందే చదవండి.

ఫైనల్‌గా చెప్పాలంటే

పాతికేళ్ళ కుర్రాడికి లాంచ్ మానిటర్ ఇంకెంత కొట్టొచ్చో చెప్తుంది. 60 దాటినవాళ్ళకి ఎప్పుడు ఆపాలో చెప్పేలా సెట్ చేయాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గాడ్జెట్ కొనిచ్చే ఆలోచన ఉంటే, బాక్స్‌తో పాటు ఈ ప్లాన్ కూడా ఇవ్వండి. మోచేయి, నడుము నొప్పి తగ్గకపోతే యాప్‌లో వెతక్కుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.