శుక్రవారానికి చోటు లేని క్యాలెండరు

రోజుకు 24 గంటలే ఎందుకు ఉండాలి? గంటకు 60 నిమిషాలే ఎందుకు? రూపాయికి వంద పైసలు, మీటరుకు వంద సెంటీమీటర్లు అయినప్పుడు కాలాన్ని కూడా పదుల్లో, వందల్లో ఎందుకు కొలవకూడదు? ఈ ప్రశ్న వేసుకుని ఊరుకోకుండా, దాన్ని చట్టం చేసి ప్రజల నెత్తిన పెట్టిన దేశం ఒకటుంది. అది ఫ్రాన్స్.

1789 విప్లవంతో రాజరికాన్ని, చర్చి అధికారాన్ని కూలదోసిన ఫ్రెంచి పాలకులు 1793లో కొత్త క్యాలెండరు తెచ్చారు. తమ రిపబ్లిక్ ఏర్పడిన 1792 సెప్టెంబరు 22ను శకానికి తొలిరోజు చేశారు. ప్రతి నెలకూ 30 రోజులు, ఏడాది చివర ఐదో ఆరో మిగులు రోజులు. నెలలు మాత్రం పన్నెండే. పదుల మీద అంత మోజు పడినవారు కూడా నెలల జోలికి పోలేదు! దేవుని దగ్గర నెలలు పన్నెండేనని దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరాలో ఉన్న సంగతి పాఠకులకు తెలిసిందే.

ఏడు రోజుల వారాన్ని మాత్రం వారు వదల్లేదు. దాన్ని తీసేసి పది రోజుల ‘దెకాద్’ను పెట్టారు. రోజుకు 10 గంటలు, గంటకు 100 నిమిషాలు, నిమిషానికి 100 సెకన్లు అన్నారు. ఆ గంట మన లెక్కలో 2 గంటల 24 నిమిషాలు. మిట్టమధ్యాహ్నం గడియారం అయిదు కొట్టాలన్నమాట.

పదుల లెక్క ముస్లిం పండితులకు కొత్తదేమీ కాదు. భారతీయ అంకెలతో లెక్కించే పద్ధతిని అరబ్బు ప్రపంచానికి వివరించినవాడు అల్ ఖ్వారిజ్మీ. దశాంశ భిన్నాలను 1427లో తన గణిత గ్రంథంలో విశదంగా బోధించినవాడు సమర్‌ఖండ్ పండితుడు అల్ కాషీ. అంతటి అల్ కాషీ కూడా ఖగోళ లెక్కలకు వచ్చేసరికి పాత అరవైల పద్ధతినే వాడాడు. అందులో సౌకర్యం ఉంది మరి. అరవైని రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు భాగాలుగా చీల్చినా శేషం రాదు. గంటలో మూడోవంతు ఎంతంటే పిల్లవాడైనా ఇరవై నిమిషాలంటాడు. వంద నిమిషాల గంటలో మూడోవంతు చెప్పమనండి!

1795 ఏప్రిల్ 7న వచ్చిన చట్టం సంగతి మరీ విచిత్రం. మీటరు, గ్రాము, లీటరు కొలతలను స్థిరపరచింది ఆ చట్టమే, పది గంటల గడియారాన్ని నిలిపివేసిందీ అదే. మీటరు ప్రపంచమంతా తిరిగి 1958లో మన అంగళ్లలోకీ వచ్చింది. అంతకు ముందు ఏడాదే నయాపైసలు వచ్చాయి. గడియారం మాత్రం పుట్టినచోటే ఆగిపోయింది. కారణం ఊహించడం కష్టం కాదు. నాటి ఫ్రాన్సులో ఊరికో మూర, ఊరికో తూకం. కొనేవాడు మోసపోయేవాడు కనుక ఒకే కొలత కావాలని జనమే అడిగారు. గంట విషయంలో ఎవరూ ఎవర్నీ మోసం చేయడం లేదు. ఎవరికీ లేని బాధకు మందు ఇచ్చినట్లయింది.

గడియారం పోయినా పది రోజుల లెక్క కొనసాగింది. ఆదివారం పోయి పదో రోజు సెలవు అయింది. అంటే ఏడాదికి 52 విశ్రాంతి దినాలు కాస్తా 36కు దిగాయి. మిగులు రోజుల పండుగలు కలుపుకున్నా కూలివాడికి నష్టమే. 1798లో పదో రోజున దుకాణాలు మూయాలని చట్టం చేయాల్సి వచ్చిందంటే జనం దాన్ని ఎంతమాత్రం లెక్కచేశారో అర్థమవుతుంది. చివరకు నెపోలియన్ 1806 జనవరి 1 నుంచి ఆ క్యాలెండరునే రద్దు చేశాడు.

అదే నెపోలియన్ 1798లో ఈజిప్టు మీద దండెత్తినప్పుడు ఈ క్యాలెండరును కైరోకు మోసుకెళ్లాడు. అక్కడ ఫ్రెంచి పండితులు నడిపిన పత్రిక పేరులోనే ‘దెకాద్’ ఉంది. ఆ సెప్టెంబరు 22న ఫ్రెంచివారు తమ కొత్త సంవత్సరాన్ని అజ్బకియాలో ఆర్భాటంగా జరుపుకొన్నారు. ఆ వేడుకను కైరో చరిత్రకారుడు అల్ జబర్తీ నమోదు చేశాడు. లెక్క వేసి చూస్తే, ఆ ఫ్రెంచి నెలలో శుక్రవారాలు 7, 14, 21, 28 తేదీల్లో పడ్డాయి. దెకాద్ ప్రకారం ఒకటి ఏడో రోజు, తర్వాతది నాలుగో రోజు, ఆ పైది మొదటి రోజు, మరొకటి ఎనిమిదో రోజు. దొరల క్యాలెండరులో శుక్రవారం అలా దారి తప్పినట్లు కనిపించింది. కైరో మసీదుల్లో మాత్రం ఏడో రోజుకు ఏడో రోజు జుమా వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నమాజు వేళలకు గడియారంతో ముడి లేదు. పొద్దు వాలితే జుహర్, సూర్యుడు అస్తమిస్తే మగ్రిబ్. రోజును పది గంటలు చేసినా, వంద చేసినా వాటికి తేడా రాదు. రమజాన్‌కు నెలవంక ఉంది. కానీ శుక్రవారానికి ఆకాశంలో ఏ గుర్తూ లేదు. లెక్క తప్పితే చంద్రుణ్ణి చూసి దిద్దుకోవడానికి వీల్లేదు. తరం తర్వాత తరం మనుషులు ఆగకుండా ఏడు లెక్కపెడుతూ మసీదుకు చేరుతుండటం వల్లనే అది నిలిచింది. ఆదివారం సంగతీ, మన పల్లెల్లో బుధవారం సంత సంగతీ అంతే.

సోవియట్ యూనియన్ మళ్లీ ఈ లెక్క మీదే చెయ్యి వేసింది. 1929లో అయిదు రోజుల పనివారం తెచ్చింది. కార్మికులను అయిదు గుంపులు చేసి గుంపుకో సెలవు ఇచ్చారు. యంత్రం ఆగదు సరే, భర్తకు సెలవైన రోజు భార్యకు పని! 1931లో దాన్ని ఆరు రోజులు చేశారు. తాష్కెంట్, బుఖారా ముస్లింలకు ఇది రెట్టింపు దెబ్బ. మసీదులకు తాళాలు పడుతున్న కాలమది. 1940లో ఏడు రోజుల వారం తిరిగి వచ్చింది, సెలవు ఆదివారమే. 1943లో తాష్కెంట్ కేంద్రంగా మధ్యాసియా ముస్లింల మత మండలిని ప్రభుత్వం అనుమతించింది, కొన్ని మసీదులు తెరుచుకున్నాయి. అక్కడివారు జుమాకు చేరిన రోజు, మన హైదరాబాదు మక్కా మసీదులో జుమా చదివిన రోజు ఒకటే.